కండరాలకు బలమెక్కడిది?
భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఛేదించిన దేహ రహస్యం

కోతలు ముగిసి కళ్ళాలలో ధాన్యం రాశులు పడే రోజుల్లో గోదావరి డెల్టాలోని ఏ రైసు మిల్లు ముందు నిలబడినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ముఠా కార్మికుడు 75 కిలోల ధాన్యం బస్తాను వీపున మోసుకొని, ఊగిసలాడే చెక్కబల్ల మీదుగా నడిచి వెళ్ళి లారీలో దింపి వస్తాడు. ఒకటి కాదు, రెండు కాదు, పొద్దుగూకే వరకూ అదే పని. అదే ఊరిలో, అదే వేళకు ఒక ఇంట్లో డెబ్బై ఏళ్ళ నానీ నమాజులో సజ్దా నుండి లేవబోతూ ఒక చేత్తో నేలను, మరొక చేత్తో గోడను ఆనుకుంటుంది. అతని దేహంలో పనిచేసేవీ కండరాలే, ఆమె దేహంలో మొరాయించేవీ కండరాలే. ఆ బలం ఎక్కడి నుండి వస్తుంది? ఎందుకు తరిగిపోతుంది? తరగకుండా కాపాడుకునే మార్గం ఉన్నదా?

ఈ ప్రశ్నలలో మొదటిదానికి సరైన సమాధానం ప్రపంచానికి దొరికి వందేళ్ళు కూడా కాలేదు. ఆ సమాధానాన్ని వెలికితీసిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు ఈ గోదావరి గడ్డ మీదనే పుట్టారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కథ తెలియాలంటే ముందు కండరం కథ తెలియాలి.

లాగడమే గాని నెట్టడం తెలియదు

మన దేహంలో ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. పురుషుల దేహం బరువులో సుమారు 40 శాతం వీటిదే. స్త్రీలలో ఈ పాలు కొంత తక్కువ. ఇవి మన ఇష్టానుసారం పనిచేస్తాయి గనుక వీటిని సంకల్పిత కండరాలని అంటారు. అన్నకోశం, పేగులు, రక్తనాళాలు, గర్భాశయం గోడలలో ఉండేవి మరొక రకం. వాటికి మన అనుమతి అక్కరలేదు. మనం నిద్రపోతున్నా పేగులలో ఆహారాన్ని ముందుకు జరుపుతూనే ఉంటాయి. మూడవది గుండె కండరం. రోజుకు సుమారు లక్షసార్లు ముడుచుకుంటుంది. తల్లి గర్భంలో మొదలైన ఆ పనికి చివరి శ్వాస దాకా సెలవన్నది లేదు.

ఎముకల కండరాలకు ఒక విచిత్రమైన పరిమితి ఉంది. వాటికి లాగడం మాత్రమే తెలుసు, నెట్టడం తెలియదు. అందుకే అవి జంటలుగా అమరి ఉంటాయి. మోచేయి మడిచినప్పుడు దండ ముందు భాగంలోని కండరం ముడుచుకుంటుంది, వెనుకది సడలుతుంది. చేయి చాచినప్పుడు వెనుకది ముడుచుకొని ముందుది సడలుతుంది. మనం తలుపును నెట్టినప్పుడు కూడా లోపల జరిగేది లాగుడే.

మరొక సంగతి గృహిణులకు ఉపయోగపడేది. మోచేతిని మడిచి పది కిలోల నీళ్ళ బిందెను పట్టుకున్నామనుకోండి. దండ కండరం ముంజేతి ఎముకకు అతుక్కునే చోటు మోచేతి కీలు నుండి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. బిందె ఉన్న అరచేయి ముప్పై, ముప్పైయైదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. త్రాసు న్యాయం ప్రకారం కండరం పది కిలోలకు బదులు డెబ్బై, ఎనభై కిలోల బలంతో లాగవలసి వస్తుంది. నడుము వంచి, మోకాళ్ళు వంచకుండా బరువెత్తేవారి వీపు కండరాల విషయంలోనూ ఇదే లెక్క. బరువు ఎంత దూరంగా ఉంటే నడుముకు అంత శిక్ష. అందుకే అనుభవజ్ఞుడైన ముఠా కార్మికుడు బస్తాను వీపుకు ఆనించుకొని, మోకాళ్ళు వంచి, తొడల బలంతో లేస్తాడు. గ్యాసు సిలిండరైనా, పసిబిడ్డయినా మనం ఎత్తవలసిన పద్ధతి కూడా అదే.

రెండు దారాల కథ

కండరాన్ని విప్పి చూస్తే అది కొబ్బరి తాడును పోలి ఉంటుంది. తాడులో పురులు, పురులలో పీచు ఉన్నట్టే కండరంలో కట్టలు, కట్టలలో వెంట్రుకకన్నా సన్నని పోగులు ఉంటాయి. ఒక్కొక్క పోగూ ఒక్కొక్క జీవకణం. దానిలో మరింత సన్నని తంతువులు వేల సంఖ్యలో ఉంటాయి. ఆ తంతువులలో రెండు రకాల దారాలు వరుసలుగా పేర్చి ఉంటాయి. లావు దారం పేరు మయోసిన్, సన్న దారం పేరు ఆక్టిన్. రెండూ ప్రొటీన్లే.

కండరం ముడుచుకున్నప్పుడు ఈ దారాలు రబ్బరులా కుదించుకుపోతాయని చాలాకాలం భావించారు. అది నిజం కాదని 1954లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా నిరూపించాయి. ఒకటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. మరొకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్గెర్కెలది. దారాల పొడవు మారదు. సన్న దారాలు లావు దారాల నడుమకు జారుతాయి, అంతే. ఒక చేతి వేళ్ళ సందుల్లోకి మరొక చేతి వేళ్ళను జొనిపి దగ్గరకు జరిపితే వేళ్ళ పొడవు తగ్గదు గాని, రెండు అరచేతుల మధ్య దూరం తగ్గుతుంది. కండరంలో జరిగేది సరిగ్గా ఇదే.

జరిపేది ఎవరు? మయోసిన్ దారానికి ఇరువైపులా చిన్న చిన్న తలలు పొడుచుకు వచ్చి ఉంటాయి. గోదావరిలో పడవవారు తెడ్డు వేసినట్టు ఆ తలలు ఆక్టిన్‌ను పట్టుకొని, వంగి లాగి, వదిలి, మళ్ళీ ముందుచోట పట్టుకుంటాయి. కోట్లాది తెడ్లు ఒక్కసారిగా పడితే మన వేలు కదులుతుంది.

ఆజ్ఞ మెదడు నుండి వస్తుంది. నరం కొన కండరాన్ని తాకే చోట సూక్ష్మమైన ఖాళీ ఉంటుంది. నరం అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది కండరాన్ని తాకగానే పోగు లోపల దాచి ఉంచిన కాల్షియం బయటకు పొంగుతుంది. ఆక్టిన్ మీద మూతలా ఉన్న ప్రొటీన్లను అది పక్కకు జరుపుతుంది. మయోసిన్ తలలకు పట్టు దొరుకుతుంది. ఆజ్ఞ ఆగిపోతే కాల్షియం తిరిగి తన గదిలోకి వెళ్ళిపోతుంది, మూత పడుతుంది, కండరం సడలుతుంది. ఇదంతా క్షణంలో పదోవంతులో పూర్తి కాగలదు.

పెద్ద ప్రశ్న

యంత్రం తెలిసింది. ఇంధనం సంగతి ఏమిటి? బండికి పెట్రోలు, మిల్లుకు కరెంటు ఉన్నట్టు ఈ కోట్లాది తెడ్లను నడిపేదేమిటి?

1920 దశకం తొలినాళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు దొరికిపోయిందనే అందరూ అనుకున్నారు. బ్రిటన్‌కు చెందిన ఆర్చిబాల్డ్ హిల్ కండరం పనిచేసేటప్పుడు పుట్టే వేడిని కొలిచారు. జర్మనీకి చెందిన ఒట్టో మయర్‌హాఫ్ కండరంలోని చక్కెర పదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారే తీరును లెక్కగట్టారు. వీరిద్దరికీ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే నేరుగా కారణమన్న సిద్ధాంతం పాఠ్యగ్రంథాలకెక్కింది. సరిగ్గా ఆ ఏడాది అక్టోబరులోనే ఇరవై ఏడేళ్ళ తెలుగు యువకుడొకడు బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు.

భీమవరం నుండి బోస్టన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువు సాగింది. కాని అది సాఫీగా సాగిన చదువు కాదు. ఇంట్లో లేమి, ఆత్మీయుల మరణాలు ఆ బాలుణ్ణి కుంగదీశాయి. మెట్రిక్యులేషన్‌ను మూడవ ప్రయత్నంలో, అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కించారు. తల్లి వెంకమ్మ నగలమ్మి ఫీజు కట్టిన సంగతిని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. మూడుసార్లు పరీక్ష రాసిన కుర్రవాణ్ణి మొద్దని తేల్చి పనిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. పిల్లల మార్కుల కాగితం చేతపట్టుకొని నిట్టూర్చే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీజీ పిలుపునందుకొని ఆయన ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స గదికి కూడా ఖద్దరుతోనే వెళ్ళడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు. ఈలోగా స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులిద్దరిని రోజుల వ్యవధిలో పొట్టన పెట్టుకుంది.

మామగారు సమకూర్చిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతో ఆయన అమెరికా ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. చేతిలో ఉన్నది చదువుకు సరిపోయే సొమ్ము కాదు. ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరు పని చేస్తూ, పగలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివారు. తరువాత అదే విశ్వవిద్యాలయంలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు.

నీలిరంగు చెప్పిన నిజం

ఫిస్కే, సుబ్బారావులు మొదట చేపట్టిన పని చూడటానికి చిన్నదే. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతిని కనిపెట్టడం. ద్రావణంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు రూపంలోని భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైంది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులు దానిని నేర్చుకున్నారు.

ఆ పద్ధతిని కండరపు సారం మీద ప్రయోగించినప్పుడు ఒక వింత జరిగింది. రంగు వెంటనే స్థిరపడాలి. కాని అది నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మరొకరైతే కొలతలో పొరపాటనుకొని ఆ గాజునాళాన్ని పారబోసేవారేమో! వీరు పారబోయలేదు. కండరంలో ఏదో ఒక పదార్థం భాస్వరాన్ని పట్టుకొని ఉన్నదనీ, అది నిలకడ లేనిది గనుక పరీక్షనాళంలోనే మెల్లమెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నదనీ గ్రహించారు. ఆ పదార్థాన్ని వేరుచేశారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతిని లోకానికి వెల్లడించారు. కండరం శ్రమించినప్పుడు ఇది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే తిరిగి పెరుగుతుంది. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా ఈ జాడను పట్టుకున్నారు.

1929లో మరొక అడుగు పడింది. శక్తిని నేరుగా అందించే అసలు పదార్థమైన ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును, మనం క్లుప్తంగా ఏ.టి.పి. అని పిలిచేదానిని, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావులు, జర్మనీలో కార్ల్ లోమాన్ ఎవరికివారుగా కనుగొన్నారు. మరుసటి ఏడాది డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లండ్స్‌గార్డ్ ఒక రసాయనంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉన్నదని చూపించారు. లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అంతటితో కూలిపోయింది.

మయోసిన్ తల తెడ్డు వేసిన ప్రతిసారీ ఒక ఏ.టి.పి. అణువు ఖర్చవుతుంది. దానిలో మూడు ఫాస్ఫేటులుంటాయి. ఒకటి తెగిపోయినప్పుడు వెలువడే శక్తే మన బలం. బస్తా ఎత్తే బలమూ అదే, తస్బీహ్ పూసను జరిపే బలమూ అదే. కండరాలలోనే కాదు, మెదడులో, కాలేయంలో, చెట్టు ఆకులో, సూక్ష్మజీవిలో కూడా చెల్లుబాటయ్యే నాణెం ఇదొక్కటే.

మూడు అంచెల నిల్వ

ఆశ్చర్యమేమిటంటే కండరంలో ఏ.టి.పి. నిల్వ చాలా స్వల్పం. పూర్తి బలంతో పరుగెత్తితే రెండు మూడు సెకన్లకు మించి చాలదు. అది అయిపోకముందే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును అప్పిచ్చి ఏ.టి.పి.ని తిరిగి తయారుచేస్తుంది. ఆ సాయంతో మరొక పది సెకన్లు గడుస్తాయి. ఆ తరువాత కండరంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కరుగుతుంది. ఆయాసం పెరిగి ప్రాణవాయువు అందుతున్న కొద్దీ చక్కెర, కొవ్వు నెమ్మదిగా దహనమై గంటల తరబడి శక్తినిస్తాయి. బస్సు వెనుక పరుగెత్తేవాడు మొదటి అంచెను, ఏటిగట్టు మీద గంటసేపు నడిచేవాడు చివరి అంచెను వాడుకుంటాడు.

ఈ తేడా మన వంటింట్లో కూడా కనిపిస్తుంది. కోడి తొడ ముక్క ఎర్రగా, రొమ్ము ముక్క తెల్లగా ఉంటాయి. కోడి రోజంతా నడుస్తుంది గనుక కాళ్ళలో అలుపెరుగని ఎర్ర పోగులు ఎక్కువ. ఎగరడం ఎప్పుడో ఒకసారి, అదీ క్షణకాలమే గనుక రొమ్ములో తెల్ల పోగులు ఎక్కువ. కోత కోసిన చేలల్లో మందలుగా మేసే బాతుల రొమ్ము మాంసం మాత్రం ఎర్రగానే ఉంటుంది. సుదీర్ఘంగా ఎగరగలిగే జాతి లక్షణం అది. మనుషుల కండరాలలో ఈ రెండు రకాల పోగులూ కలిసి ఉంటాయి.

రమజాన్ నెలలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. పగలంతా ఆహారం లేకపోతే కండరాలు కరిగిపోవా? రోజా వేళల్లో రక్తంలోని చక్కెరను నిలబెట్టే పని ప్రధానంగా కాలేయంలోని నిల్వది, ఆపైన కొవ్వుది. కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరానికే ఉపయోగపడుతుంది, రక్తంలోకి తిరిగి రాదు. సహరీలో, ఇఫ్తార్‌లో పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంటివి తగినంత తీసుకునే ఆరోగ్యవంతులకు ఒక పగటి ఉపవాసం వల్ల కండరాలకు హాని ఉండదు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా మాత్రల వేళలు మార్చుకోకూడదు.

ప్రాణం పోయాక బిగుసుకోవడం

మరణించిన కొన్ని గంటలకు దేహం కొయ్యబారుతుందని అందరికీ తెలుసు. కారణం కూడా ఏ.టి.పి.లోనే ఉంది. మయోసిన్ తల ఆక్టిన్‌ను వదలాలంటే కొత్త ఏ.టి.పి. అణువు వచ్చి అంటుకోవాలి. పట్టుకోవడానికి కన్నా వదలడానికి అది మరీ అవసరం. శ్వాస ఆగిన తరువాత ఏ.టి.పి. తయారీ నిలిచిపోతుంది. ఉన్న నిల్వ అయిపోగానే తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. కనురెప్పలు, దవడ ముందుగా బిగుసుకుంటాయి, ఆపైన మెడ, చేతులు, కాళ్ళు. మన ప్రాంతపు వేడిలో ఇది మరింత త్వరగా మొదలవుతుంది. ఒక రోజు, ఒకటిన్నర రోజు గడిచాక ప్రొటీన్లు చివికి మళ్ళీ సడలుతాయి.

ప్రాణం పోగానే కళ్ళు మూయించి, దవడకు గుడ్డ కట్టి, కాళ్ళూ చేతులూ మృదువుగా సరిచేయాలని మన పెద్దలు తొందరపెట్టడం వెనుక ఉన్న వివేకం దీనితో బోధపడుతుంది. ఆలస్యమైతే గుస్ల్ ఇచ్చేవారు కీళ్ళను బలవంతంగా వంచవలసి వస్తుంది. ఖుర్బానీ నాడు కోసిన మాంసం కాసేపు అదురుతూ ఉండటం చూసి పిల్లలు బెదిరిపోతారు. జంతువుకు ఇంకా నొప్పి తెలుస్తున్నదని కాదు, పోగులలో ఏ.టి.పి. ఇంకా మిగిలి ఉన్నదని దానికి అర్థం.

పొలం గట్ల మీద పొంచి ఉన్న ముప్పు

నరం, కండరం కలిసే ఆ చిన్న ఖాళీ డెల్టా పల్లెల్లో ఎందరి ప్రాణాలనో నిర్ణయిస్తుంది. కట్లపాము, నాగుపాము విషాలు సరిగ్గా అక్కడే దెబ్బతీస్తాయి. మెదడు ఆజ్ఞాపిస్తూనే ఉంటుంది, కండరం ఆరోగ్యంగానే ఉంటుంది, కాని కబురు అందదు. మొదట కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. మింగుడు పడదు. చివరకు ఊపిరి తీయించే కండరాలు ఆగిపోతాయి. కట్లపాము తరచుగా రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు గనుక కడుపునొప్పి అనుకొని తెల్లవారే వరకూ ఆగినవారున్నారు. ఆగరాదు. పాముకాటు విరుగుడు మందు, కృత్రిమ శ్వాస సకాలంలో అందితే మనిషి బతుకుతాడు.

కాటుపడిన కాలికి గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. ఎముక విరిగిన కాలికి కట్టినట్టు కర్రదన్ను కట్టి, కదలనీయకుండా ఆసుపత్రికి మోసుకుపోవాలి. నడిపించకూడదు. ఎందుకంటే కండరం ముడుచుకున్నప్పుడల్లా పక్కనున్న శోషరస నాళాలను పిండుతుంది, ఆ రసంతోపాటు విషం పైకి పాకుతుంది. నేలమీద కాక మంచం మీద, అంచులు పరుపు కిందకు దోపిన దోమతెరలో పడుకోవడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

వరిచేలకు కొట్టే కొన్ని పురుగుమందులు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన హాని చేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ తన పని ముగించాక దానిని తుడిచివేసే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి. ఆజ్ఞ ఆగదు. కండరాలు అదిరి అదిరి అలసి చచ్చుబడతాయి. నోట చొంగ, చెమట, కంటిపాప చిన్నదైపోవడం దాని గుర్తులు. మందు పడిన బట్టలు తక్షణం తీసివేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక బోదకాలు. గోదావరి జిల్లాలకు తరతరాల శాపం. దోమ ద్వారా చేరిన పురుగు శోషరస నాళాలను పాడుచేయడంతో కాలు ఉబ్బిపోతుంది. సుబ్బారావు 1940లో హార్వర్డ్ విడిచి లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో ఆ సంస్థలో రూపొంది, 1947లో వెలుగు చూసిన డైఈథైల్‌కార్బమజైన్ అనే మందే నేటికీ బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే మాత్ర. ఆరోగ్య కార్యకర్త తెచ్చి ఇచ్చే ఆ మాత్రను కిటికీలో పెట్టి మరచిపోకుండా, ఆమె ఎదుటనే మింగడం మన బాధ్యత. అయితే గర్భవతులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడినవారు మింగకూడదు. ఇప్పటికే వాపు వచ్చినవారు రోజూ కాలిని సబ్బుతో కడిగి తుడుచుకొని, కూర్చున్నప్పుడు ఎత్తులో ఉంచుకొని, మడమలు ఎత్తి దించే కసరత్తు చేస్తే పిక్కల కండరాలే ఆ రసాన్ని పైకి తోస్తాయి. భీమవరంలో పుట్టినవాడు కండరపు శక్తి రహస్యాన్నీ ఛేదించాడు, భీమవరం కాళ్ళకు పట్టిన వ్యాధికి మందునూ అందించాడు.

వాడకపోతే వాడిపోయేది

నానీ సంగతికి తిరిగి వద్దాం. ముప్పై దాటాక కండరం పదేళ్ళకు 3 నుండి 8 శాతం వరకూ తరుగుతుంది. అరవై దాటాక ఈ తరుగుదల వేగం పుంజుకుంటుంది. ముందుగా తరిగేవి తెల్ల పోగులు, అంటే తూలినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి కావలసినవి. పెద్దలు బావి గట్టునో, స్నానాల గదిలోనో పడి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఎముకల బలహీనతతోపాటు ఇదీ కారణమే. మంచాన పడితే కండరం మరింత వేగంగా కరుగుతుంది. "పెద్దవారు, కదలనీయకండి" అని ప్రేమతో అన్నీ మంచం దగ్గరికే అందించే కోడళ్ళు, కొడుకులు తెలియకుండానే వారి బలాన్ని హరిస్తున్నారు.

శుభవార్త ఏమిటంటే ఎనభై ఏళ్ళ కండరం కూడా పని చెబితే బలపడుతుంది. నమాజులో నిలబడి, రుకూలో వంగి, సజ్దా నుండి లేచే ప్రతిసారీ తొడ, పిరుదు, నడుము కండరాలు పనిచేస్తాయి. ఓపిక ఉన్నంతకాలం నేలమీద చేయగలగడం కూడా ఒక వరం. మోకాళ్ళు సహకరించక కుర్చీలో కూర్చొని చేసేవారు దిగులుపడనవసరం లేదు. అదే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని పదిసార్లు మడమలెత్తడం రోజుకు రెండు పూటలా చేయవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

మధుమేహం ఉన్న ఇంట్లో కండరం విలువ మరీ ఎక్కువ. భోజనం తరువాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేవి కండరాలే. నడుస్తున్నప్పుడైతే ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కోగలవు. రాత్రి అన్నం తిన్నాక పావుగంట సేపు, వీధిలో కుదరకపోతే డాబా మీదనో వరండాలోనో, నడవడం ఖర్చులేని మందు.

తిండి సంగతి కూడా చూడాలి. పళ్ళూడిన పెద్దలకు అన్నం, చారు, మజ్జిగతో సరిపెట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఇంట్లో మాంసం ముక్కలు కుర్రవాళ్ళ పళ్ళేల్లోకి, పులుసు మాత్రం పెద్దల పళ్ళెంలోకి వెళుతుంది. నిజానికి కండరం తరుగుతున్న వయసులోనే ప్రొటీను ఎక్కువ అవసరం. మెత్తగా ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన శీలావతి లేదా బొచ్చె చేప, కీమా, ముద్దపప్పు, పెరుగు ఏదో ఒకటి ప్రతిపూటా వారికి అందాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదే.

చివరిమాట

సుబ్బారావు మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందుగా పనికివచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది. నేడు గర్భవతులందరికీ ఇస్తున్న మాత్రలో ఉన్నది అదే. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే, నిద్రలో ఆయన గుండె కండరం ఆగిపోయింది. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన జిల్లాలోనే ఆయన పేరు తెలియనివారు నేటికీ కోకొల్లలు.

ఈ పుటను తిప్పేటప్పుడు మీ బొటనవేలిలోనూ లెక్కలేనన్ని ఏ.టి.పి. అణువులు తమ ఫాస్ఫేటును వదిలి ఉంటాయి. సృష్టికర్త మనకు అప్పగించిన అమానతులలో ఈ బలం ఒకటి. దానిని వాడుకోవడమే దానిని కాపాడుకోవడం. ఈ సాయంత్రం ఇంట్లోని పెద్దల చేయి పట్టుకొని నాలుగడుగులు నడిపించండి. వారి కాళ్ళకూ మేలు, మీ కాళ్ళకూ మేలు.